శాఖ పత్రిక వెనక అట్ట మీద "ఏడు రోజుల్లో ఎద గ్యారంటీ": ఇది ఎవరు చూసి వేస్తున్నారు?

పలమనేరు పాడి

అందరికీ నమస్కారం. ప్రభుత్వ శాఖవాళ్ల రైతు మాసపత్రిక ఈ నెలది మా రైతు సేవా కేంద్రానికి వచ్చింది. లోపల గాలికుంటు (పశువుల నోట్లో, గిట్టల్లో పుండ్లు పడే అంటురోగం) టీకాల మీద మంచి వ్యాసం ఉంది. పత్రిక తిప్పితే వెనక అట్ట నిండా రంగుల ప్రకటన. అంతా ఒకే పొడి. చూడి కట్టక తిరగపొర్లే ఆవుకి ఏడు రోజుల్లో ఎద గ్యారంటీ అంట, పొదుగువాపు మాయం అంట, రోజుకి మూడు లీటర్ల పాలు ఎక్కువంట, ఈసుకుపోవడం (నెలలు నిండకుండా చూడి పోవడం) ఆగిపోతుందంట, గాలికుంటు కొట్టం దగ్గరికే రాదంట. కింద ఫోన్ నంబరు, కొరియర్ ఉచితం. కంపెనీ పేరు ఇక్కడ రాయను, రాసినా మోడరేటర్ గారు తీసేస్తారు.

లోపలి పేజీలో డాక్టరు గారు గాలికుంటుకి మందు లేదు, ఆరు నెలలకోసారి టీకా వేయించడమే దారి అని రాశారు. వెనక అట్ట ఇంకో మాట చెబుతోంది. మా పక్కింటాయన చదివింది వెనక అట్టే. "గవర్నమెంటు పుస్తకంలో వేసినారు గదా, ఊరికే వేస్తారా" అని డబ్బా తెప్పించాడు. మీ వైపు కూడా ఇవి కనిపిస్తున్నాయా? వీటిని వేసే ముందు ఎవరైనా చూస్తారా?

కుప్పం కుర్రోడు

ఒక్క పొడితో ఇన్ని తగ్గేటట్టయితే 1955 నుంచి తిరుపతిలో వెటర్నరీ కాలేజీ ఎందుకు నడుపుతున్నట్టు? ఆ పొడి మిక్సీ ఒకటి పెట్టేస్తే సరిపోయేది.

విశ్రాంత పశువైద్యుడు, తిరుపతి

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఈ ప్రకటన నన్ను భయపెట్టింది ఒక్క మాట దగ్గర. "ఈసుకుపోవడం ఆగుతుంది" అన్న చోట.

పాలు పెరగకపోతే డబ్బు పోతుంది, అంతే. ఎద రాకపోతే ఒక నెల పోతుంది. కానీ చూడి ఆవు ఆరు నెలలు దాటాక ఈసుకుపోయిందంటే మేం ముందు అనుమానించేది బ్రూసెల్లోసిస్‌ని. అది మనుషులకి కూడా వస్తుంది. విడవని జ్వరం, కీళ్ల నొప్పులు, నడుం నొప్పి. పాలు కాచకుండా తాగినా, ఈసుకుపోయిన దూడనీ మాయనీ (దూడతో పాటు పడే పొరనీ) వట్టి చేతులతో ఎత్తినా అంటుకుంటుంది. ఆవుకి ఒకసారి సోకితే నయం చేసే పద్ధతి మన దగ్గర లేదు. చేయగలిగింది ఆడ దూడకి నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒకసారి టీకా వేయించడం. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమంలో గాలికుంటుతో పాటు దీన్ని కూడా చేర్చింది అందుకే.

ఇప్పుడు ఆ ప్రకటన నమ్మిన రైతు ఏం చేస్తాడు? రక్తం తీయించి పరీక్షకి పంపడు. పొడి కలిపి పెట్టి, వచ్చే చూడి దాకా ఎదురుచూస్తాడు. ఈలోగా ఆ మాయని ఇంటి ఆడవాళ్లు వట్టి చేతుల్తో ఎత్తి పారేస్తారు. కుక్కలు మిగిలింది పక్క కొట్టానికి లాక్కుపోతాయి. ప్రకటన డబ్బులు పత్రికకి, జ్వరం ఆ ఇంటికి.

మందుల షాపు, పీలేరు రోడ్డు

నేను పశువుల మందుల దుకాణం నడుపుతున్నాను, కాబట్టి నన్ను తిట్టేవాళ్లు ముందే తిట్టేయండి.

మీకు తెలియని ఒక సంగతి చెబుతాను. ఆ డబ్బా చేతికొచ్చాక వెనక లేబుల్ చదవండి. "పశు దాణా అనుబంధం. వైద్య అవసరాలకు కాదు" అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అంటే డబ్బా మీద అది దాణా, ప్రకటనలో అది మందు. మందు అని రాస్తే లైసెన్సు కావాలి, డ్రగ్ ఇన్‌స్పెక్టరు శాంపిల్ తీసుకుపోతాడు. దాణా అని రాస్తే ఆ బాధ లేదు. రోగం పేరు డబ్బా మీద ఉండదు. కరపత్రంలో, ప్రకటనలో, సేల్స్ కుర్రాడి నోట్లో ఉంటుంది.

నిజమైన పశువుల మందు అయితే లేబుల్ మీద పశువు తల బొమ్మ ఉంటుంది, "మనుషులకు కాదు, పశువుల చికిత్సకు మాత్రమే" అని ఉంటుంది, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. ఆయుర్వేద మందు అయితే దానికీ తయారీ లైసెన్సు ఉంటుంది, 25-డి అంటారు. ఇవేవీ లేని డబ్బా మీద రోగం నయం చేస్తామని ఎవరైనా చెబితే ఆ మాటకి పూచీ లేదు.

మార్జిన్ గురించి అడగొద్దు. లైసెన్సు ఉన్న మందు కంటే ఈ డబ్బాల మీద చాలా ఎక్కువ ఇస్తారు, అంతవరకు చెప్పగలను. అందుకే అన్ని షాపుల్లో ముందు వరసలో అవే కనబడతాయి.

సోమల రైతు

అందరూ ఒకే పాట పాడుతున్నారు. నేను వేరే మాట చెప్తా. ఇలాంటి పొడే, కంపెనీ వేరు, మా జెర్సీ ఆవుకి పెట్టాను. ఈనిన పదో రోజున మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి పాలు రెండున్నర లీటర్లు పెరిగాయి. పాల కేంద్రం చీటీలు ఉన్నాయి నా దగ్గర, కావాలంటే ఫోటో పెడతా. కళ్లతో చూసింది అబద్ధమా? డాక్టర్లకి అన్నీ అనుమానమే.

వెటర్నరీ విద్యార్థిని

అన్నా, మీ చీటీలు నిజమే. పాలు పెరిగిన మాట కూడా నిజమే. ఆవు ఈనిన తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా పాలు తనంతట తానే పెరుగుతాయి. ఆ తర్వాత మెల్లగా తగ్గుతాయి. పదో రోజున మీరు పొడి కాకుండా బొగ్గు పెట్టినా నెలకి పెరిగేవి. ఈ కంపెనీలు "ఈనిన వెంటనే మొదలుపెట్టండి" అని అందుకే చెబుతాయి. అయిదో నెలలో మొదలుపెట్టమని ఎవరూ చెప్పరు, గమనించారా?

ఎద గ్యారంటీ సంగతీ అంతే. ఆవుకి ఎద చక్రం సుమారు 21 రోజులు. చూడి కోసం సూది వేయించాక పొర్లిన ఆవు మళ్లీ మూడు వారాలకి ఎదకి వస్తుంది, పొడి పెట్టినా పెట్టకపోయినా. ఇరవై మంది కొంటే ఆ వారంలో ఎదకి రావలసిన ఆవులు కొందరి కొట్టాల్లో ఎలాగూ ఉంటాయి. వాళ్లు ఫోన్ చేసి బాగుందని చెబుతారు. రానివాళ్లు మన తలరాత ఇంతే అనుకుని ఊరుకుంటారు. కంపెనీకి మిగిలేది మెచ్చుకున్న ఫోన్లే.

ఒక పొడి పనిచేస్తుందో లేదో తెలియాలంటే ఒకే ఈతలో ఉన్న, ఒకే నెలలో ఈనిన ఆవుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి పెట్టి ఇంకో గుంపుకి పెట్టకుండా, ఎవరికి పెట్టారో పాలు కొలిచేవాడికి తెలియకుండా చూడాలి. ప్రకటనలో ఆ లెక్క ఎక్కడైనా ఉందా? రైతు ఫోటో, దండ వేసిన ఆవు ఫోటో ఉంటాయి.

సోమల రైతు

సరే తల్లీ, అయిదో నెలలో పెట్టి చూస్తా. అప్పుడు మాట్లాడుకుందాం.

విశ్రాంత పశువైద్యుడు, తిరుపతి

సోమల సోదరా, డబ్బులు పెట్టదలుచుకుంటే మంచి ఖనిజ లవణ మిశ్రమం కొనండి. ఐఎస్ 1664 అన్న ప్రమాణం ఉంది, సంచీ మీద ఐఎస్‌ఐ గుర్తు చూసి తీసుకోండి. పెద్ద ఆవుకి రోజుకి యాభై గ్రాములు దాణాలో కలపండి. మన వైపు ఏడాదిలో సగం రోజులు ఎండు వేరుశనగ కట్టె, వరిగడ్డి మీదే ఆవులు బతుకుతాయి. లవణాల లోటు ఉన్న ఆవుకి ఇది పనిచేస్తుంది, ఎద కూడా సర్దుకుంటుంది. లోటు లేని ఆవుకి ఇదీ ఏమీ చేయదు. ఈ మాట ప్రకటనలో రాస్తే ఎవరూ కొనరు, అందుకే రాయరు.

పుత్తూరు నాగలి

ఇక్కడ పుంగనూరు దూడ అమ్మకానికి ఎవరి దగ్గరైనా ఉందా? జత ధర ఎంత చెబుతున్నారు?

మోడరేటర్

పుత్తూరు నాగలి గారూ, కొనుగోళ్లకి వేరే విభాగం ఉంది, అక్కడ అడగండి. మిగతావాళ్లకి మనవి: కంపెనీల పేర్లు, ఫోన్ నంబర్లు, ప్రకటన ఫోటోలు పెట్టవద్దు. ఫోటో పెడితే మనం కూడా ఉచితంగా ప్రచారం చేసినట్టే.

వి.కోట గొర్రెలు

మోడరేటర్ గారి మాట దగ్గర అందుకుంటా. మా గొర్రెల కాపరుల వాట్సాప్ గ్రూపుల్లో ఆ వెనక అట్ట ఫోటో అప్పుడే తిరుగుతోంది. కంపెనీవాళ్లే పెట్టారు. కింద రాసింది చూడండి: "ప్రభుత్వ పత్రికలో ప్రచురితం." ప్రకటన అన్న మాట లేదు, ప్రచురితం అంతే. వాళ్ల యూట్యూబ్ వీడియోలో కూడా పత్రిక ముఖచిత్రం, దాని మీద ప్రభుత్వ చిహ్నం, తర్వాత వెనక అట్ట, వరసగా చూపిస్తారు. మధ్యలో వ్యాసం పేజీలు ఎగరగొట్టేస్తారు.

నా లెక్కలో వాళ్లు ఆ పేజీ కొన్నది పత్రిక చదివే రైతు కోసం కాదు. ఆ ఫోటో కోసమే. పత్రిక ఎంతమంది చదువుతారు? ఆ ఫోటో ఏళ్ల తరబడి తిరుగుతుంది. ఏ శాఖ సర్టిఫికెట్టూ ఇవ్వకుండానే పేజీ అద్దెకి సర్టిఫికెట్టు దొరికింది.

గొర్రెలకి కూడా వీళ్లు వదల్లేదు. చిటుకు రోగానికి, పీపీఆర్‌కి (గొర్రెల ప్లేగు), నీలి నాలుకకి ఒకే సీసా చూపిస్తున్నారు. చిటుకు రోగంలో గొర్రె పొద్దున మేసి సాయంత్రానికి పడిపోతుంది. వాన పడి కొత్త పచ్చిక లేచే ముందే టీకా పడాలి. సీసా కొరియర్‌లో వచ్చేసరికి మందలో ఏం మిగులుతుంది?

పలమనేరు పాడి

ఈ ఫోటో సంగతి నాకు తట్టలేదు. ఇప్పుడు అర్థమైంది, మా పక్కింటాయన చూసింది కూడా ఫోన్‌లోనే కావచ్చు. పత్రిక మా ఊళ్లో రెండు మూడు ఇళ్లకి మించి రాదు.

పాత డెస్క్ మనిషి

నేను చాలాకాలం ఇలాంటి ఒక అధికారిక వ్యవసాయ పత్రికలో పనిచేశాను. ఏదో చెప్పను. లోపల ఎలా నడుస్తుందో చెబుతాను, సమర్థించడానికి కాదు.

వ్యాసాలు చూసే మనిషి వేరు, ప్రకటనలు తెచ్చే మనిషి వేరు. వ్యాసాలు శాస్త్రవేత్తలు రాస్తారు, ఇంకో శాస్త్రవేత్త దిద్దుతాడు, కామా తేడా వచ్చినా వెనక్కి వస్తుంది. ప్రకటన మాత్రం ఏజెంటు నుంచి నేరుగా ప్రింటింగుకి వెళ్తుంది. అది ఎంత సైజు, ఏ రంగులు, డబ్బు కట్టారా అన్నవే చూస్తారు. దాంట్లో ఏముందో చదవాల్సిన బాధ్యత కాగితం మీద ఎవరికీ రాసి ఉండదు. సంపాదకుడు ఉంటాడు గానీ, ఆయనకి అది అదనపు బాధ్యత. అసలు ఉద్యోగం వేరే ఉంటుంది. వెనక అట్ట ఖాళీగా వదిలితే ముద్రణ ఖర్చు ఎక్కడినుంచి తెస్తావని పైనుంచి అడుగుతారు. అలాంటప్పుడు మొదట వచ్చేది విత్తన కంపెనీ కాదు, ఈ పొడి కంపెనీలే. వాళ్లు బేరం ఆడరు, ఏడాదికి ముందే కట్టేస్తారు. ఎందుకో గొర్రెల అన్న చెప్పాడు.

"ప్రకటనల్లోని విషయాలకు పత్రిక బాధ్యత వహించదు" అని రెండో పేజీ కింద ఒక ముక్క ఉంటుంది. అది చదివిన రైతుని నేనింతవరకు చూడలేదు. ఇంకో మాట. ప్రకటనలతో సహా పత్రికలో అచ్చయిన ప్రతి దానికీ సంపాదకుడే బాధ్యుడని ప్రెస్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది. బాధ్యత లేదనుకుంటే ముందే స్పష్టంగా చెప్పాలని కూడా ఉంది. రెండో పేజీ అడుగున చీమ అక్షరాలు స్పష్టత అవుతాయా అన్నది మీరే చెప్పండి.

కుప్పం కుర్రోడు

అంటే వ్యాసంలో కామాకి ఇద్దరు డాక్టర్లు, ప్రకటనలో గాలికుంటుకి ఒక్కరూ లేరు. బాగుంది.

చిత్తూరు లాయరు

చట్టం సంగతి అడుగుతారని చూస్తున్నా, ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెబుతా.

1954 నాటి మందులు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ఒకటుంది. చాలామంది అది మనుషుల మందులకే అనుకుంటారు. కాదు. అందులో మందు అంటే మనుషులకి గానీ జంతువులకి గానీ వాడేది అని నిర్వచనంలోనే ఉంది. తాయెత్తులు, మంత్రాలు కూడా జంతువుల రోగాలకి అని ప్రచారం చేస్తే దాని కిందికే వస్తాయి. 3వ సెక్షన్, దాని షెడ్యూలు కొన్ని నిర్ణీత రోగాలకి సంబంధించినవి, మన కేసుకి అంతగా అక్కరకి రావు. మనకి పనికొచ్చేది 4వ సెక్షన్. మందు గురించి తప్పుడు అభిప్రాయం కలిగించే, అబద్ధపు హామీ ఇచ్చే ప్రకటనలో పాలుపంచుకోవడమే నేరం. మొదటిసారి అయితే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది దాకా.

షాపు అన్న చెప్పిన "దాణా అనుబంధం" ఎత్తు గురించి. 1940 నాటి ఔషధాల చట్టంలో ఒక వస్తువు మందా కాదా అన్నది దాన్ని దేనికి వాడమని ఉద్దేశించారో దాన్నిబట్టి తేలుతుంది. డబ్బా మీద దాణా అని రాసి, ప్రకటనలో పొదుగువాపు నయం అన్నారంటే, ఆ ప్రకటనే వాళ్ల ఉద్దేశానికి సాక్ష్యం. లైసెన్సు లేకుండా మందు తయారుచేసి అమ్మినట్టే అని గట్టిగా వాదించవచ్చు. కాబట్టి ప్రకటన కాగితం చింపకుండా దాచుకోండి. డబ్బా, బిల్లు, ఫోన్‌పే రశీదు కూడా.

ఇక అసలు చిక్కు. 1954 చట్టం 14వ సెక్షన్‌లో కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఒకటి: ప్రభుత్వం ముద్రించే లేదా ప్రచురించే మందు ప్రకటనకి ఈ చట్టం వర్తించదు.

కుప్పం కుర్రోడు

అమ్మా!

పాత డెస్క్ మనిషి

మేడమ్, ఇది నాకు కొత్త. అంటే ప్రైవేటు పత్రికలో వేస్తే నేరం, శాఖ పత్రికలో అదే వేస్తే నేరం కాదా?

చిత్తూరు లాయరు

కంపెనీ వకీలు ఆ మాటే అంటాడు. నేనైతే ఒప్పుకోను. ఆ మినహాయింపు పెట్టింది ప్రభుత్వం తన కార్యక్రమాల కోసం, తన టీకాల గురించి, తన మందుల గురించి చెప్పుకోవడానికి. డబ్బులు కట్టి పేజీ కొనుక్కున్న ప్రైవేటు కంపెనీ ప్రకటన ప్రభుత్వ ప్రకటన ఎలా అవుతుంది? మినహాయింపుని అంత వెడల్పు చేస్తే చట్టం ఉద్దేశమే పోతుంది. అలా వాదించవచ్చు, గెలవచ్చు, కానీ తేలిగ్గా తేలే వాదన కాదు. పైగా డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఇంకో ప్రభుత్వ శాఖ పత్రిక మీద కేసు రాస్తాడా అన్నది మీరే ఆలోచించుకోండి.

ఒకటి మాత్రం స్పష్టం. అదే ఫోటో కంపెనీ వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో పెట్టిందంటే ఆ ప్రచురణ ప్రభుత్వానిది కాదు, కంపెనీదే. అక్కడ 14వ సెక్షన్ గొడుగు లేదు. గొర్రెల అన్నా, ఆ వీడియో లింకు, తేదీ కనబడేటట్టు స్క్రీన్ రికార్డింగు చేసి పెట్టు.

వి.కోట గొర్రెలు

ఇప్పుడే చేశా అక్కా. తేదీ, ఎంతమంది చూశారో కూడా పడింది.

మందుల షాపు, పీలేరు రోడ్డు

వినియోగదారుల ఫోరం దారి లేదా మేడమ్? రైతు వినియోగదారుడు కాడు, వ్యాపారం కోసం కొన్నాడు అని ఒక కంపెనీవాడు నా ఎదురుగానే ఒకాయన్ని దబాయించాడు.

చిత్తూరు లాయరు

ఆ దబాయింపు ఊరికే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం సొంతంగా కొని వాడుకున్నదాన్ని వ్యాపార అవసరం కింద లెక్కించరు. నాలుగు ఆవులు పెట్టుకుని సొంతంగా చూసుకునే కుటుంబం వినియోగదారే. జిల్లా కమిషన్‌కి వెళ్లవచ్చు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు.

అదే చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మోసపు ప్రకటన ఇచ్చిన తయారీదారుకి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయగలదు. ప్రచురించినవాళ్లకీ జరిమానా ఉంది గానీ, రోజువారీ వ్యాపారంలో భాగంగా వేశామని చెప్పి తప్పించుకునే సందు కూడా ఉంది. అయితే ఆ ప్రకటన ఆపమనో మార్చమనో ప్రాధికార సంస్థ ఆదేశం ఇచ్చిందని తెలిసీ వేస్తే ఆ సందు మూసుకుపోతుంది.

పాకాల పెద్దాయన

నేను డెబ్బై దాటినవాణ్ణి. మీరంతా చదువుకున్నవాళ్లు, ఒక సందేహం. మా నాయన కాలంలో కడుపుబ్బరానికి వాము, ఇంగువ, నూనె పోసేవాళ్లు. పుండుకి వేపాకు, పసుపు. మీరు చెప్పేదాన్నిబట్టి నాటు వైద్యమంతా మోసమేనా? అలాగైతే ఇంగ్లీషు మందుల కంపెనీలకి దారి వేస్తున్నట్టే.

విశ్రాంత పశువైద్యుడు, తిరుపతి

కాదు తాతా, ఆ మాట ఎవరూ అనలేదు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ పొదుగువాపుకి ఒక నాటు పద్ధతి చెబుతుంది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు, మెత్తగా నూరి పొదుగుకి పూయడం. 2022లో ముద్దచర్మ వ్యాధి వచ్చినప్పుడు తమలపాకులు పది, మిరియాలు పది గ్రాములు, ఉప్పు పది గ్రాములు, బెల్లం కలిపి తినిపించమని కూడా ప్రచారం చేశారు.

వాటి మీద నాకు సందేహాలున్నాయి, దాచను. పొదుగువాపుకి ఆ లేపనం మొదటి దశలో సాయపడుతుందని ఒప్పుకుంటాను. పాలలో గడ్డలు, రక్తం, ఆవుకి జ్వరం ఉంటే మాత్రం దాంతో సరిపెట్టుకోవద్దు, 1962 నంబరుకి ఫోన్ చేసి పశువుల అంబులెన్సు బండి పిలిపించండి. ముద్దచర్మానికి తమలపాకు ముద్ద కంటే టీకానే నమ్ముతాను. అప్పట్లో మేకల మశూచి టీకానే ఆవులకి వేశారు, దానివల్లే మందలు నిలబడ్డాయి.

ఆ నాటు పద్ధతికీ ఈ పొడికీ తేడా చూడండి. అక్కడ ఏం కలపాలో, ఎంత కలపాలో బాహాటంగా రాశారు. ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. తప్పు అనిపిస్తే ఎవరైనా పరీక్షించి తప్పు అని నిరూపించవచ్చు. ఇక్కడ "పురాతన మూలికల రహస్యం" అంటారు. ఆ డబ్బాలో ఏముందో రైతుకి తెలియదు, నాకూ తెలియదు. తెలియనిదాన్ని పాలిచ్చే ఆవుకి పెడితే పాలలోకి ఏం వస్తుందో ఎవరు చెప్పాలి?

పాకాల పెద్దాయన

అదీ సబబే. వాము ఎంత వేశామో మా నాయన అందరికీ చెప్పేవాడు.

చంద్రగిరి మామిడి తోట

నాకు ఆవులు లేవు, ఆసక్తి కొద్దీ చదువుతున్నా. అమెరికాలో ఫార్మ్ జర్నల్ అనే రైతు పత్రిక 1880లోనే ఒక మాట అచ్చు వేసింది. మా పత్రికలో ప్రకటన ఇచ్చినవాడు మోసగాడని తేలి, చందాదారు నష్టపోతే, ఆ నష్టం మేం భరిస్తాం అని. ఆ రోజుల్లో వాళ్ల రైతు పత్రికల నిండా పందుల కలరాకి, గుర్రాల కుంటుకి గ్యారంటీ మందుల ప్రకటనలేనట. అలాంటి హామీ ఇవ్వాలంటే ప్రకటనదారు ఎవరో ముందే చూసుకోక తప్పదు గదా. ఒక ప్రైవేటు పత్రిక 1880లో అనగలిగిన మాట మన అధికారిక పత్రిక ఇప్పుడు ఎందుకు అనలేదు?

పాత డెస్క్ మనిషి

అంటే ఆ నెల నుంచే వెనక అట్ట ఖాళీ. అందుకని.

నవ్వులాటకి కాదు, నిజంగానే అడుగుతున్నా. ప్రకటనలు పూర్తిగా ఆపమంటే పత్రిక పేజీలు తగ్గుతాయి, ఆ తర్వాత ఆగిపోతుంది కూడా. ఆ టీకా వ్యాసం ఎక్కడ వస్తుంది?

పలమనేరు పాడి

ఆపమని నేను అనడం లేదన్నా. పాలు పితికే మిషన్, గడ్డి కోసే మిషన్, విత్తనాలు, డ్రిప్పు, ఎవరివైనా వేసుకోండి. మిషన్ పనిచేయకపోతే వారంలో తెలిసిపోతుంది, కంపెనీని పిలిచి తిట్టుకుంటాం. రోగం పేరు ఉన్న ప్రకటన ఒక్కటే వేరుగా చూడమంటున్నా. దానికి తయారీ లైసెన్సు కాపీ, లేబుల్ కాపీ జతచేస్తేనే తీసుకోవాలి. లేబుల్ మీద లేని మాట ప్రకటనలో ఉండకూడదు. దీనికి ఎవరైనా డాక్టరు ఒక పావుగంట కూర్చుంటే చాలు.

విశ్రాంత పశువైద్యుడు, తిరుపతి

ఆ పావుగంట నేను ఉచితంగా కూర్చుంటాను. నాలాంటి రిటైర్డు వాళ్లు తిరుపతిలో వీధికి ఒకరున్నారు. అడిగేవాళ్లు కావాలి.

వెటర్నరీ విద్యార్థిని

సమాచార హక్కు కింద కూడా అడగవచ్చు. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఏం అడగాలంటే: ప్రకటనలు అంగీకరించడానికి రాతపూర్వక నియమాలున్నాయా, ఉంటే కాపీ. గత ఏడాది వచ్చిన పశువుల మందులు, దాణా అనుబంధాల ప్రకటనల జాబితా, ఒక్కోదానికి ఎంత వసూలైంది. ఆ ప్రకటనల్ని ఏ సాంకేతిక అధికారి పరిశీలించారు. "ఎందుకు వేశారు" అని అడగొద్దు, దానికి జవాబివ్వక్కర్లేదని పంపేస్తారు. కాగితాలు మాత్రమే అడగాలి.

పలమనేరు పాడి

సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇద్దామనుకుంటున్నా. రాసింది ఇక్కడ పెడుతున్నా, తప్పులుంటే చెప్పండి.

"అయ్యా, మీ శాఖ మాసపత్రిక వెనక అట్టపై ప్రచురించిన ప్రకటనలో గాలికుంటు, పొదుగువాపు, ఈసుకుపోవడం నయమవుతాయని ఉంది. అదే పత్రిక లోపలి వ్యాసంలో గాలికుంటుకి చికిత్స లేదని ఉంది. డబ్బాపై వైద్య అవసరాలకు కాదని ఉంది. రైతులు పత్రికపై ఉన్న ప్రభుత్వ చిహ్నం చూసి నమ్మి కొని మోసపోతున్నారు. పత్రికవారిపై, కంపెనీపై కఠిన చర్యలు తీసుకోవలసిందిగా కోరుతున్నాను."

చిత్తూరు లాయరు

చివరి వాక్యం తీసెయ్యి. "పత్రికవారిపై కఠిన చర్యలు" అన్నావంటే అర్జీ అదే శాఖకి వెళ్తుంది, వాళ్లు తమను తాము కాపాడుకునే జవాబు రాస్తారు, ఫైలు మూస్తారు. మూడు విషయాలు విడివిడిగా అడుగు. వచ్చే సంచికలో ఆ ప్రకటన ఆపాలి. అదే సైజులో, అదే వెనక అట్ట మీద, ఈ ప్రకటనలోని మాటలకి శాఖ ఆమోదం లేదని అచ్చు వేయాలి. డబ్బా, లేబుల్, ప్రకటన మూడూ జిల్లా ఔషధ నియంత్రణ అధికారికి పంపి నివేదిక తెప్పించాలి.

వి.కోట గొర్రెలు

నాలుగోది కూడా చేర్చండి. ఆ పత్రిక ముఖచిత్రం, ప్రభుత్వ చిహ్నం వాడి కంపెనీ చేస్తున్న వీడియోలు తీయించాలని శాఖ వాళ్లే నోటీసు ఇవ్వాలి. ప్రకటన ఆగినా ఫోటో ఆగకపోతే ఏం లాభం?

సోమల రైతు

నా డబ్బా కూడా తీసుకుపో. సగం ఉంది. వాడి లేబుల్ మీద కూడా ఆ చీమ అక్షరాలే ఉన్నాయి, ఇప్పుడే భూతద్దం పెట్టి చూశాను.

మందుల షాపు, పీలేరు రోడ్డు

సగం వాడిన డబ్బా శాంపిల్‌గా పనికిరాదన్నా, ఏదో కలిపారంటారు. సీలు ఉన్నది ఒకటి నా దగ్గర ఉంది, బిల్లుతో ఇస్తా. సోమవారం పొద్దున చిత్తూరు బస్సు ఎక్కే ముందు షాపు దగ్గర ఆగండి. ఎనిమిదికే తీస్తా.